అమావాస్య మర్నాడు ఆగే కాటా

థూ, మళ్లీ అదే నీలం!

కాటా గదిలో కుర్చీ మీద కూచున్న హులిగమ్మకి ఒళ్లంతా కంపరమెత్తింది. కంప్యూటర్ తెర నిండా నీలం రంగు, దాంట్లో ఒక ఏడుపు మొకం బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఆ బొమ్మని చూస్తే ఎవరో పనిగట్టుకోని తనని వెక్కిరిస్తాండట్లే ఉంటాది ఆమెకి. కిటికీ బయట కాటా పలక మీద పత్తి ట్రాక్టరు ఒకటి నిలబడింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి, మిల్లు గేటు దాటి రోడ్డు దాకా బండ్లే. పైన చూస్తే తుఫాను మబ్బు. నిన్న కార్తీక అమావాస్య. ఈ దరిద్రపు కంప్యూటర్‌కి సరిగ్గా అమావాస్య మర్నాడే చావొస్తాది, శ్రావణం నుంచి ఇదే వరస.

"కాటమ్మా, ఏమాయ?" అని ట్రాక్టరు మీద నుంచి అరిచినాడు హాలహర్వి ఊరి రైతు.

"ఏమాయనా? ఎప్పుడూ అయ్యేదే అయింది. రొంచేపు ఉండప్పా," అని ఆమె బటన్ నొక్కి మళ్లీ ఆన్ చేసింది. తెర వెలిగింది, బొమ్మలన్నీ వరసగా వచ్చినాయి, హమ్మయ్య అనుకునే లోపల మళ్లీ నీలం.

మామూలుగా అయితే ఆమె తిట్టుకోని ఊరుకునేది. ఈసారి మాత్రం ఊరుకుంటే కుదరదు. ఈ నీలం తెర ఇంకొకసారి వస్తే ఆ కుర్చీ ఆమెది కాదని నెల కిందటే మిల్లు సావుకారి చెప్పేసినాడు. ఎందుకు చెప్పినాడో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి రోత పుడతాది.

హులిగమ్మది ఎమ్మిగనూరు. నాయన మగ్గం గుంతలో కాళ్లు దిగేసుకోని బతుకంతా అట్లనే కూచోని, నడుము పోగొట్టుకోని, నడుముతో పాటే మాట కూడా పోగొట్టుకోని పోయినాడు. "నా బిడ్డ కుర్చీలో కూచోవల్ల" అని ఆయన అనేవాడని అమ్మ మద్దమ్మ చెప్తాంటాది. హులిగమ్మ బీకాం చదివింది, కంప్యూటర్ కోర్సు చేసింది, ఆదోనిలో పాండురంగయ్య సావుకారి పత్తి మిల్లులో కాటా మీద కుదిరింది. రోజూ పొద్దున్నే ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనిలో దిగుతాది, పొద్దుగూకేసరికి మళ్లీ అదే బస్సు. వచ్చిన కొత్తలో రైతులు కిటికీలోంచి తొంగిచూసి, "ఆడమనిషి తూకమా?" అని నవ్వినారు. హులిగమ్మ లేచి కంప్యూటర్ తెరని ఎత్తి కిటికీ పక్కకి తిప్పి పెట్టింది. "చూసుకోండప్పా, మీ కండ్లతోనే చూసుకోండి బరువు," అనింది.

అంతకుముందు ఆ తెర ఎప్పుడూ గోడ పక్కకే ఉండేది. బరువు ఎంతో లోపలున్నోడికి తప్ప బయటోడికి తెలిసేది కాదు. తెర తిరిగిన దినం నుంచి రైతులు ఆమెని కాటమ్మా అని పిలవడం మొదలుపెట్టినారు. చేలో కాసిన దోసకాయ ఒకరు, కొర్రలు దోసెడు ఒకరు తెచ్చి కిటికీలో పెట్టి పోతారు. సావుకారికి ఆ తెర తిప్పడం లోపల్లోపల నచ్చలేదు గానీ, రైతులు వేరే మిల్లులు వదిలి ఈడికే వస్తాంటే ఏమనగలడు? పైగా పొద్దున్నే హులిగమ్మ ఫ్లాస్కులో తెచ్చే అల్లం టీ అంటే ఆయనకి ప్రాణం. "మా ఇంట్లో కూడా ఇట్ల కుదరదమ్మా," అని మొదటి గ్లాసు ఆయనే తాగుతాడు.

అట్లాంటి మనిషి నెల కిందట, దీపావళి అమావాస్య మర్నాడు, ఆమెని ఆఫీసు గదిలోకి పిలిపించినాడు. అప్పుడూ పొద్దున్నే కంప్యూటర్ నీలం తిరిగి కాటా ఆగిపోయింది. టౌన్లో కంప్యూటర్లు బాగు చేసే ఖాజాని పిలిపించినారు. ఖాజా మంచోడే గానీ ఆయన దగ్గర ఒకటే మందు. తలనొప్పికీ అదే, కాలు విరిగినా అదే. "ఫార్మాట్ కొడతా," అంటాడు. లోపలున్నదంతా తుడిచిపెట్టి, మొదట్నుంచి అన్నీ ఎక్కించి, వైర్లు తన పద్ధతిలో తగిలించి పోతాడు. బాగైపోతాది. సగం దినం గంగలో కలుస్తాది. చీటీల కొలతలు, తెలుగు అక్షరాలు, ప్రింటరు, అన్నీ హులిగమ్మ మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవల్ల. మళ్లీ అమావాస్య వస్తాది, మళ్లీ నీలం. ఎందుకొస్తాంది అని ఒక్కడూ అడగడు. అడగాల్సిన పనే లేదన్నట్లు ఫార్మాట్, ఫార్మాట్, ఫార్మాట్! ఆ మాట వింటేనే రోత పుట్టేది ఆమెకి.

ఆ దినం సావుకారి గొంతు తగ్గించి మొదలుపెట్టినాడు. "హులిగమ్మా, నువ్వు నా బిడ్డ లాంటిదానివి. కోపం చేసుకోవద్దు."

బిడ్డ లాంటిదానివి అన్నారంటే తరువాత ఏదో కుళ్లు మాట వస్తాదని ఆమెకి తెలుసు. వచ్చింది కూడా.

"కాటా అంటే లక్ష్మి. నిన్న దానికి పూజ జరిగింది. నువ్వు ఆ టైంలో బయటున్నావంట కదా?"

హులిగమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమైనంక చెవుల్లో నుంచి వేడి పొగ వచ్చినట్లయింది. "ఎవరు చెప్పినారు సావుకారీ?"

"గోవిందన్న చూసినాడంట. నల్ల కవరు పట్టుకోని బాత్రూం పక్కకి పోయినావంట. మొన్న మహాలయ అమావాస్యకీ అంతేనంట. ఊరికే కంప్యూటర్ ఎందుకు చెడిపోతాది చెప్పు? ముట్టు తగిలితే మిషన్‌కైనా దోషమే."

గోవిందన్న అంటే గేటు కాడ కూచునే ముసలాయన. వచ్చే బండ్లు చూడమని జీతమిచ్చి కూచోబెడితే, ఆ ముసలోడు చూస్తాండేది ఇదా? ఆడమనిషి చేతిలో నల్ల కవరు ఉందా లేదా అని నెల నెలా కాపలానా? ఛీ! ఆమెకి ఆ గది, ఆ సావుకారి, గోడ మీద లక్ష్మీ పటానికి వేలాడే ప్లాస్టిక్ దండ, అన్నీ ఒక్కసారిగా చీదరైపోయినాయి. తన గుడ్డలు విప్పి అంగట్లో పెట్టినట్లయింది.

"వచ్చే నెల నుంచి ఆ మూడు దినాలూ ముందుగానే గోవిందన్నకి చెప్పి ఇంటికాడ ఉండు," అన్నాడు సావుకారి. "ఆ మూడు దినాలు నా చెల్లెలి కొడుకు వరుణ్ కూచుంటాడు. చెప్పకుండా వచ్చి కూచోని, మళ్లీ ఆ నీలం వచ్చిందా, ఇంక ఆ కుర్చీ వరుణ్‌దే. ఏమనుకోవద్దు."

ఏమనుకోవద్దంట! గోవిందన్న దగ్గరికి పోయి, ఈ పొద్దు నాకు మొదలైంది గోవిందన్నా అని చెప్పుకోవాలంట! బస్సులో ఎమ్మిగనూరు పోతాంటే దారి పొడుగునా ఆమెకి ఆ మాటే చెవుల్లో తిరిగింది. ఇంటికి పోయి అమ్మకి చెప్తే, "మూడు దినాలు ఇంటికాడుంటే ఏం పోతాది? ఒప్పుకో," అనింది మద్దమ్మ. అంతకన్నా అసహ్యం ఇంకొకటి జరిగింది. పడుకోబోయే ముందర ఆమెకే ఒక అనుమానం వచ్చింది. నిజంగానే నా వల్లనేమో? అమావాస్యా, నా దినాలూ ఒకటే పడతాండాయి కదా? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఎంత రోత పుట్టిందంటే, లేచి పోయి మొకం కడుక్కోని వచ్చింది.

ఈ నెల కూడా అట్లనే పడింది. నిన్న అమావాస్య, నిన్నే మొదలైంది. ఆమె గోవిందన్నకి చెప్పలేదు. చెప్పేది లేదు. నిన్న సాయంత్రం పూజ మామూలుగానే జరిగింది. గేటు కాడ గుమ్మడికాయ కొట్టినారు. పత్తి మిషన్లకి, కాటాకి, ఆఖర్న కంప్యూటర్‌కి గోవిందన్నే పూజ చేస్తాడు. ఆడోళ్లు పూజయ్యేదాకా బయటుండల్ల అని నియమం. ఆయన లోపల తలుపు దగ్గరేసుకోని, వైర్లన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క వైరు కొనకీ పసుపూ కుంకుమా పెట్టి మళ్లీ దూర్చేస్తాడు. కీబోర్డు సందుల్లో నిండా కుంకుమే, మర్నాడు టైపు కొడితే వేళ్లన్నీ ఎర్రగయితాయి. సాంబ్రాణి పొగకి తెర మీద జిడ్డు. అంతా అయినంక తలుపు తీసి హారతి పట్టుకోని వచ్చినాడు. హులిగమ్మ హారతి కళ్లకద్దుకుంది, ఏమీ ఎరగనట్లు.

ఇప్పుడు ఈ నీలం.

ఆమె ఖాజాకి ఫోన్ చేసింది. "వస్తాండా అక్కా, అరగంట. ఫార్మాట్ కొట్టేద్దాం," అన్నాడు. సావుకారి వచ్చే టైం కూడా దగ్గర పడింది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. చచ్చినా సరే, ఈ పొద్దు ఎందుకొస్తాందో చూడకుండా ఫార్మాట్ కొట్టనిచ్చేది లేదు. కుర్చీ ఎట్లాగూ పోతాంది, నిజమేందో చూసే పోదాం అనుకుంది.

కంప్యూటర్ ఆపి, కరెంటుదీ తెరదీ తప్ప తగిలించిన వైర్లన్నీ పీకేసింది. ఆన్ చేసింది. తెర వచ్చింది, నిలబడింది. చానా సేపు చూసింది, నీలం రాలేదు. సరే, మౌస్ పెట్టింది. ఏమీ కాలేదు. కీబోర్డు పెట్టింది. ఏమీ కాలేదు. ప్రింటరు పెట్టింది. బాగానే ఉంది. ఆఖర్న కాటా వైరు. అంటే బయట పలక కింద నుంచి బరువు తెచ్చే మీటరుకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే వైరు. దాన్ని కంప్యూటర్ డబ్బా ముందర, పొద్దున ఉన్న బెజ్జంలోనే పెట్టిందో లేదో, టక్కున నీలం.

"దొరికినావే ముండా!" అనింది పైకే. ట్రాక్టరు మీద రైతు ఉలిక్కిపడినాడు.

అయితే ఆ వైరే చెడిందా? చెడితే మధ్యలో నెలంతా ఎట్ల పని చేసింది? ఆమె ఫోన్ లైటు వేసుకోని బల్ల కింద దూరింది. దుమ్ము, చచ్చిన బల్లి, సాంబ్రాణి మసి. డబ్బా వెనక పక్క నాలుగు బెజ్జాలున్నాయి; మౌసూ, కీబోర్డూ, ప్రింటరూ ఎప్పుడూ ముందర పక్కకే. ఒక్క బెజ్జం అంచుకి మాత్రం నల్లబడిన పాత కుంకుమ అంటుకోని ఉంది. బయటికొచ్చి ముందర బెజ్జం చూసింది. దానికి తాజా కుంకుమ, నిన్నటిది.

ఆమె అట్లనే నేల మీద చతికిలబడింది. గోవిందన్న కుంకుమ పెట్టిన వైరు ఏ బెజ్జంలో పోయిందో ఆ బెజ్జమే చెప్తాంది కదా! ఖాజా వచ్చిన ప్రతిసారీ కుంకుమంటిన ఆ కాటా వైరుని వెనక బెజ్జంలో పెట్టి పోతాడు. గోవిందన్న అమావాస్యకి పీకి, బల్ల కింద వంగలేక, ముందర బెజ్జంలో దూర్చేస్తాడు. ఆమె గబగబా వైరు తీసి వెనక బెజ్జంలో పెట్టి ఆన్ చేసింది. నీలం రాలేదు. కాటా ప్రోగ్రాం తెరుచుకుంది. బరువు అంకెలు గిర్రున తిరిగి నిలబడినాయి.

"వచ్చింది కాటమ్మా! కనబడతాంది!" అని రైతు కిటికీ బయట కేకేసినాడు.

ఖాజా వచ్చేసరికి ఆమె ఐదారు బండ్లు తూసేసింది. ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తాంటే, "అది లోపల పెట్టన్నా. ముందు ఇది చూడు," అని జరిగిందంతా చెప్పింది. ఖాజా కంప్యూటర్‌లో సామాన్ల జాబితా తెరిచి చాలా సేపు చూసినాడు. తరువాత నెత్తి కొట్టుకున్నాడు.

"యా అల్లా! అక్కా, ఏ సామానుతో ఎట్ల మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే చిన్న ప్రోగ్రాం ఉంటాది, డ్రైవర్ అంటారు. వెనక బెజ్జానికి నేను ఎక్కించింది పాత డ్రైవర్. ఈ వైరు చీప్ వైరు, దానికి పాతదే పడతాది. ముందర బెజ్జంలో పెడితే కంప్యూటర్ దీన్ని కొత్త సామాను అనుకోని, ఇంటర్నెట్ నుంచి కొత్త డ్రైవర్ దించుకుంటాంది. ఆ కొత్తది ఈ వైరుకి పడక నెత్తి తిరిగి పడిపోతాంది."

"మరి ఆషాఢం దాకా ఎందుకు రాలేదు?"

"ఆషాఢంలోనే కదా మిల్లుకి ఇంటర్నెట్ పెట్టించినారు." ఆయన మొకం వాడిపోయింది. "ఒక్కసారన్నా నేను చూసింటే అయిపోయేది. ఊరికే ఫార్మాట్ కొట్టుకుంటా పోయినా."

"పోయినావు కదా," అనింది హులిగమ్మ. ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు. ఖాజా ఆ కొత్త డ్రైవర్‌ని తీసేస్తానని, మళ్లీ తనంతట తాను దిగకుండా ఆపేస్తానని కూచున్నాడు. "ఉండన్నా. సావుకారి చూసినంక తీసేయ్. కండ్లతో చూడల్ల ఆయన," అనింది.

చూడనీ, చూసినంక ఆ నోరు ఎట్ల మూతపడతాదో అని ఆమె ఆశ. అంతే ఆశ, ఇంకేం లేదు.

సావుకారి వచ్చినాడు, వెనక గోవిందన్న. హులిగమ్మ మామూలుగా ఫ్లాస్కు తీసి ఆయనకి టీ పోసిచ్చింది. ఆయన తాగుతాంటే వైరు తీసి ముందర బెజ్జంలో పెట్టింది, నీలం వచ్చింది. వెనక బెజ్జంలో పెట్టి ఆన్ చేసింది, నీలం పోయింది. ఇంకొకసారి చేసి చూపించింది. కుంకుమ చూపించింది. ఖాజా డ్రైవర్ సంగతి చెప్పినాడు. సావుకారి టీ గుటకేసుకుంటా అంతా విన్నాడు. సగం గ్లాసు అయిపోయింది.

"అంటే గోవిందన్న తప్పు బెజ్జంలో పెడతాండాడు," అన్నాడు ఆఖర్న.

"అంతే సావుకారీ."

గోవిందన్న గొంతు సవరించుకున్నాడు. "నేను అన్ని దినాలూ అట్లనే పెడతాండానయ్యా. ముందర బెజ్జానికి ఏదో తగిలింటాది. అందుకే దోషమొచ్చింది."

సావుకారి తల ఊపినాడు. నిజంగా తల ఊపినాడు! "వైరు సంగతి వైరుది, దాన్ని ఖాజా చూసుకుంటాడు. పద్ధతి సంగతి పద్ధతిదమ్మా. ఆ మూడు దినాలు మాత్రం గోవిందన్నకి చెప్పి ఇంటికాడుండు. నేను నెల కిందట చెప్పింది చెప్పిందే."

ఖాజా తల వంచుకోని కీబోర్డు మీద కుంకుమ తుడుస్తాండాడు. హులిగమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండిటికన్నా ముందు రోత పుట్టింది. రెండు కండ్లతో చూసినాడు, రెండు చెవులతో విన్నాడు, అయినా ఆయన బుర్ర ఆ నల్ల కవరు దగ్గరే కూచోని ఉంది. ఇట్లాంటోళ్ల కోసమా నేను బల్ల కింద దూరి దుమ్ము తిన్నది? ఇట్లాంటోళ్లకా నిజం చూపించాలని ఆశపడింది? థూ!

"సరే సావుకారీ," అనింది ఆమె. గొంతు ఆమెకే ఆశ్చర్యంగా నిబ్బరంగా వచ్చింది. "చెప్పమంటిరి కదా, చెప్తాండా. గోవిందన్నా, నువ్వూ విను, మళ్లీ కాపలా కాసే పని లేకుండా. ఈ పొద్దు నాకు రెండో దినం. నిన్న మొదలైంది. నిన్న నీ చేతి హారతే కళ్లకద్దుకున్నా. ఈ పొద్దు ఇన్ని బండ్లు ఈ చేత్తోనే తూసినా, ఒక్క కిలో తప్పు పోలేదు. మీ చేతిలో టీ కూడా ఈ చేత్తోనే కాసినా సావుకారీ. అల్లం కూడా నేనే దంచినా."

సావుకారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. గోవిందన్న రెండడుగులు వెనక్కేసినాడు. సావుకారి గ్లాసుని బల్ల మీద పెట్టినాడు, పెట్టిన వేళ్లని పంచెకి తుడుచుకున్నాడు, బయటికి పోయినాడు. కొళాయి తిప్పిన చప్పుడైంది. ఆ తరువాత గళగళమని పుక్కిలింత. ఉమ్మినాడు. మళ్లీ పుక్కిలించినాడు. మళ్లీ ఉమ్మినాడు. ఆరేండ్లు ప్రాణంగా తాగిన నోరు అది. పెద్దమనిషి అట్ల నడుం వంచి గొంతు లోపలికి నీళ్లు తోసుకుంటాంటే బండ్ల మీద రైతులంతా వింతగా చూస్తాండారు.

హులిగమ్మ ఆ చప్పుడు వింటా కుర్చీలో కూచుంది. తెరని కిటికీ పక్కకి ఇంకొంచెం తిప్పింది. "తరువాత ఎవరప్పా? ముందుకి తీసుకో బండి," అనింది.

ట్రాక్టరు పలక మీదికి ఎక్కింది. ఒక చినుకు, రెండు చినుకులు పడినాయి. "జల్ది కానీ కాటమ్మా, పత్తి తడుస్తాది!" అని రైతులు అరుస్తాండారు. సావుకారి తడి మూతి తుడుచుకుంటా వచ్చి గడప బయటే నిలబడినాడు, లోపలికి కాలు పెట్టలేదు. మబ్బు చూసినాడు. బండ్ల వరస చూసినాడు. వరుణ్ యాడుండాడో ఆయనకే తెలియదు.

"రేపట్నుంచి..." అని మొదలుపెట్టినాడు.

ఆమె చీటీ చించి రైతు చేతికిచ్చి, తల తిప్పకుండానే చెప్పింది. "రేపు మూడో దినం సావుకారీ. తొమ్మిదికి వస్తా."